కొందఱి వ్రతము, అందఱి అంగడి

మన తెలుగునాట శాకాహారి యనగా మాంసము, చేప, గ్రుడ్డు ముట్టనివాడని యర్థము. పాలు, పెరుగు, నెయ్యి వానికి నిషిద్ధములు కావు. పెరుగన్నము లేనిదే వాని భోజనము ముగియదు. అయితే పాలు, వెన్న, తేనె కూడ జంతువులనుండి లభించునవే కావున వానిని సైతము విడిచినవారు కలరు. వారు తోలుచెప్పులను, ఉన్నివస్త్రములను కూడ ధరింపరు. వీరికి వీగనులని పేరు. వీరి ఆహారము మనకు వింత కాదు. ఆవకాయ కలిపి, నెయ్యి వేసికొనక తినిన అన్నపుముద్ద వీగన్ ఆహారమే. కాని మాంసము, వెన్న నిత్యాహారముగా గల ఇంగ్లండులో అట్టి ఆహారము వీధివీధిని అమ్ముడుపోవుట వింతయే. అది యెట్లు జరిగెనో తెలిసికొందము.

ఇంగ్లండులో 1847వ సంవత్సరమున రామ్స్‌గేట్ అను సముద్రతీర పట్టణమున శాకాహార సంఘము స్థాపితమయ్యెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండనునకు పోయిన గాంధీమహాత్ముడు, తల్లికిచ్చిన మాట తప్పలేక అర్ధాకలితో గడపి, తుదకు అచటి శాకాహార భోజనశాలను కనుగొని సంతసించెను. తరువాత 1912లో దక్షిణాఫ్రికాయందు ఆయన పాలను కూడ మానెను. కాని కొన్నియేండ్లకు తీవ్రముగా జబ్బుపడి, మేకపాలు త్రాగవలసివచ్చినందుకు మిగుల చింతించెను. పాలు విడుచుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

1910లో యార్క్‌షైరు మండలమందలి మెక్స్‌బరో పట్టణమున డొనాల్డ్ వాట్సన్ జన్మించెను. ఆయన తండ్రి ప్రధానోపాధ్యాయుడు. బాలుడు సెలవులలో బంధువుల పొలమునకు పోయి, అచటి పశువులతో ఆడుకొనెడివాడు. ఒకనాడు తానెఱిగిన పందిని చంపుట చూచి, దాని అఱపులు విని, అతని హృదయము కలతచెందెను. పదునాలుగవయేట మాంసము మానివేసెను. పెద్దవాడై వడ్రంగము నేర్పు ఉపాధ్యాయుడైన పిదప, పాలకొఱకు పశువులను పెంచుటలోను హింస కలదని గ్రహించెను. 1944 నవంబరులో కొలదిమంది మిత్రులతో లండనునందు సమావేశమై క్రొత్త సంఘమును నెలకొల్పెను. శాకాహారికి ఇంగ్లీషున వెజిటేరియన్ అని పేరు. ఆ మాటలోని మొదటి మూడక్షరములను, చివరి రెండక్షరములను కూర్చి వీగన్ అను మాటను కల్పించిరి.

అది యుద్ధకాలము. ఆహారపదార్థములు ప్రభుత్వము పంచిపెట్టిన కొలతప్రకారమే లభించుచుండెను. మాంసమునకు బదులుగా శాకాహారులకు ఎక్కువ జున్నుగడ్డ ఇచ్చెడివారు. వీగనులకు అదియు పనికిరాదు. ఇరుగుపొరుగువారు వీరు బ్రదుకరనుకొనిరి. ఆ శంకలో కొంత సత్యము లేకపోలేదు. రక్తమునకు, నరములకు ఆవశ్యకమైన బి12 అను విటమినును శాస్త్రజ్ఞులు 1948లో వేరుచేసిరి. అది మొక్కలవలన తగినంత లభింపదు. కావున వీగనులు దానిని మాత్రల రూపమునగాని, ప్రత్యేకముగా చేర్చిన ఆహారముల ద్వారాగాని తప్పక తీసికొనవలెను. వాట్సన్ తన వ్రతమును విడువక 95 ఏండ్లు జీవించి 2005లో మరణించెను.

పెక్కేండ్లవరకు ఈ నియమము కొందఱి వ్రతముగానే యుండెను. దానిని విస్తరింపజేసిన కారణములు పలువిధములు. పశుపోషణమువలన భూమి వేడెక్కుచున్నదని విజ్ఞానవేత్తలు హెచ్చరించుటచే యువకులలో ఆలోచన పుట్టెను. స్వీడనుదేశమున లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు ఓట్లు అను ధాన్యమునుండి పాలవంటి పానీయమును తయారుచేసిరి. 2014లో, జనవరి నెలయంతయు వీగన్ ఆహారము తిని చూడుడని బ్రిటనులో ఒక ఉద్యమము ప్రారంభమయ్యెను. జన్మాంతము పాటింపుమన్నచో భయపడువాడు, నెలదినములకు ఒప్పుకొనును గదా! తొలియేడు మూడువేలమందికి పైగా చేరగా, 2020 నాటికి ఆ సంఖ్య నాలుగు లక్షలకు పెరిగెను.

2019 జనవరిలో మఱొక విశేషము జరిగెను. న్యూకాసిల్ నగరము కేంద్రముగా గల గ్రెగ్స్ అను రొట్టెల సంస్థకు దేశమంతట అప్పటికి సుమారు రెండువేల దుకాణములుండెను. పొరలుగల పిండిచుట్టలో పందిమాంసపు ముద్ద నుంచి కాల్చిన సాసేజ్ రోల్ అచటి ప్రసిద్ధవంటకము, కార్మికుల చవుక చిరుతిండి. ఆ సంస్థ మాంసమునకు మాఱుగా, పెద్ద తొట్లలో పెంచిన శిలీంధ్రముతో చేసిన ముద్దను పెట్టి అమ్మసాగెను. కొందఱు ఎగతాళి చేసిరి. కాని జనము బారులు తీరి కొనిరి. కొన్నవారిలో అనేకులు వీగనులు కారు. ఇచ్చటనే మనము గమనింపవలసిన సంగతి యున్నది. 2018లో వీగన్ సంఘమువారి లెక్కప్రకారము బ్రిటనులో వీగనులు ఆఱు లక్షలు, అనగా నూటికి ఒక్కరు. వ్రతస్థులు కొలదిమందియైనను, వారి ఆహారము మాత్రము అందఱి అంగడికి చేరినది.

ఈ మార్పు దేశమంతట సమముగా లేదు. లండను, బ్రైటన్, బ్రిస్టల్ వంటి నగరములలో విద్యార్థులు, యువకులు అధికులగుటచే వీగన్ భోజనశాలలు విరివిగా వెలసినవి. వేల్సు కొండప్రాంతముల స్థితి వేఱు. అచట వర్షము మెండు, మన్ను పలుచన. గడ్డి పెరుగును గాని పైరు పండదు. తరతరములుగా గొఱ్ఱెలే ఆ రైతుల జీవనాధారము. “మా కొండపై మఱేమి పండింతుము?” అను వారి ప్రశ్నకు నగరవాసి తేలికగా బదులు చెప్పజాలడు. అట్లే ప్రపంచమున పండు సోయాగింజలలో అధికభాగము పశువులకు, కోళ్లకు దాణాగా పోవుచున్నదను మాటకు మాంసాహారియు బదులు వెదకవలసియున్నది.

2020లో ఇంగ్లండునందలి ఒక ఉద్యోగ న్యాయస్థానము, మనస్సాక్షితో పాటించు వీగన్ నియమమునకు మతవిశ్వాసమునకువలెనే చట్టరక్షణ కలదని తీర్పు చెప్పెను. అటుపిమ్మట జీవనవ్యయము పెరుగుటచే మాంసమునకు బదులు వాడు పదార్థముల అమ్మకము బ్రిటనులో కొంత తగ్గినది. కాని ఓట్లపాలు, చిక్కుడుజాతి గింజల వంటకములు అంగళ్లనుండి తొలగిపోలేదు.

బాలబాలికలారా! కొందఱి మనస్సాక్షి విత్తనము నాటెను. విజ్ఞానము, వ్యాపారము దానికి నీరు పోసెను. మొదట నవ్విన లోకమే తరువాత రుచి చూచెను. ప్రక్కవాని విస్తరిని చూచి నవ్వుట సులభము. వాడు దానిని ఏల తినుచున్నాడో, వేఱొకదానిని ఏల మానెనో అడిగి తెలిసికొనుట విద్యార్థి లక్షణము.