తళుకు కన్నా బిగువే ముఖ్యం.. ఇంజిన్ కవరు మార్చేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

విజయవాడ: వాన వెలిసింది. మలుపులో ఇసుక మేట వేసింది. ముందు బ్రేకు కాస్త గట్టిగా పట్టడంతో బండి కుడివైపు ఒరిగింది. మోకాలు గీరుకుపోయినా ప్రాణాపాయం తప్పిందన్న ఊరటతో వాహనదారు బండి లేపుకొని ఇంటిదారి పట్టారు. వంగిన బ్రేకు పెడలు ఇంజిన్ కవరును పొడిచి వెంట్రుకవాసి పగులు పెట్టిన సంగతి ఎవరి కంటా పడలేదు. బొట్టుబొట్టుగా ఆయిలు కారిపోయింది. కొద్దిరోజులకు నడిరోడ్డుపై ఇంజిన్ పట్టేసింది. వందల రూపాయలతో తీరాల్సిన మరమ్మతు వేల రూపాయలకు చేరింది. మెకానిక్ షెడ్లకు వచ్చే బండ్లలో ఈ తరహావి తక్కువేమీ కాదు.

మరోవంక, బండి బాగానే ఉన్నా అందం కోసం కవర్లు మార్పించే యువతకూ కొదవ లేదు. వెండి రంగు కవరుకు నల్లరంగు వేయించేవారు, క్రోమ్ పూత పెట్టించేవారు, బఫింగ్‌తో అద్దంలా మెరిపించేవారు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల నిత్యం కనిపిస్తారు. అవసరం కోసం మార్చినా, అలంకారం కోసం మార్చినా ఒక సంగతి మరువరాదు. ఇంజిన్ కవరు పైతొడుగు కాదు.. ఇంజిన్‌లో ఒక భాగం.

కవరు కాదు.. కవచం

మన రోడ్లపై ఎక్కువగా తిరిగే 100 నుంచి 150 సీసీ బండ్లలో సాధారణంగా ఇంజిన్‌కు కుడివైపు క్లచ్ కవరు, ఎడమవైపు మాగ్నెట్ కవరు ఉంటాయి. క్లచ్ ప్లేట్లు, కిక్ రాడ్డుకు సంబంధించిన పళ్లచక్రాలు కుడి కవరు చాటున ఆయిలులో తడుస్తూ తిరుగుతుంటాయి. విద్యుత్తు పుట్టించే కాయిల్, అయస్కాంత చక్రం ఎడమ కవరు వెనుక ఉంటాయి.

ఈ బండ్లలో క్లచ్‌కు, గేర్లకు, పిస్టన్‌కు వేర్వేరు ఆయిలు ఉండదు. అన్నింటికీ ఒకటే. 100 సీసీ బండిలో అది సుమారు ఒక లీటరు మాత్రమే. క్లచ్ కవరు పగిలితే క్లచ్ ఒక్కటే చెడుతుందనుకోవడం పొరపాటు. ఆ సందులోంచి కారేది పిస్టన్‌ను, క్రాంకును కాపాడే ఆయిలే. కవరుకు, ఇంజిన్ దిమ్మెకు నడుమ ఉండే కాగితపు గ్యాస్కెట్ (మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు), కిక్ రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీల్.. ఈ రెండే ఆ లీటరు ఆయిలుకు కట్టలు.

పగిలితే ఏం చేయాలి?

బండి పడినప్పుడు ముందుగా ఇంజిన్ ఆపాలి. కవరు మీద, కింద నేల మీద తడి ఉందేమో చూడాలి. గుడ్డతో తుడిచి కొద్దిసేపటి తరువాత మళ్లీ చూస్తే సన్నని పగుళ్లు కూడా బయటపడతాయి. ఆయిలు కారుతుంటే బండిని నెట్టుకుంటూనో, ఆటోట్రాలీలోనో షెడ్డుకు చేర్చడమే మేలు. ఎం-సీల్ వంటి ముద్ద పెట్టడం తాత్కాలిక ఉపాయమే. ఇంజిన్ వేడికి, అదురుకు అది ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం.

పగులు చిన్నదై, కవరు మధ్య భాగంలో ఉంటే ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికించవచ్చు. అయితే పోత అల్యూమినియం సూక్ష్మ రంధ్రాల్లో ఇంకిన పాత ఆయిలును శుభ్రంగా తొలగించకపోతే అతుకు నిలవదు. వెల్డింగ్ వేడికి కవరు అంచు వంకర పోయే ప్రమాదమూ ఉంది. పని పూర్తయ్యాక కవరును మందపాటి అద్దం పలక మీద బోర్లించి, అంచు అంతటా సమంగా ఆనుతున్నదీ లేనిదీ పరీక్షించాలి. బోల్టు రంధ్రం వద్దగానీ, ఆయిల్ సీల్ కూర్చునే చోటగానీ పగిలితే కొత్త కవరు వేయించడమే ఉత్తమం.

మార్చే పద్ధతి ఇదీ..

ఇంజిన్ చల్లబడిన తరువాతే పని మొదలుపెట్టాలి. ఆయిలును పళ్లెంలోకి దించాలి. దాన్ని మురుగుకాల్వలో పోయకుండా పాత ఆయిలు సేకరించేవారికి అప్పగించాలి. కాల్వలో పోసిన ఆయిలు చివరకు చేరేది తాగునీటికి, సాగునీటికే.

క్లచ్ కవరైతే కిక్ రాడ్డు, అడ్డు వచ్చే ఫుట్‌రెస్టు తీసి, క్లచ్ తీగ విడదీయాలి. బోల్టులను ఒక వరుసలో కాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. అన్ని బోల్టుల పొడవూ ఒకటి కాదు. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచడం పాత మెకానిక్కుల అలవాటు. పొట్టి రంధ్రంలో పొడవు బోల్టు బిగిస్తే ఇంజిన్ దిమ్మె బీటవారవచ్చు.

బోల్టులు తీసినా కవరు రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకూడదు. అంచు మీద పడే ఒక్క గీత చాలు, జీవితాంతం ఆయిలు చెమ్మ కారడానికి. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. మాగ్నెట్ కవరును అయస్కాంతం వెనక్కి లాగుతుంది కనుక వేళ్లు నలగకుండా చూసుకోవాలి.

అతుక్కున్న పాత ప్యాకింగును మొద్దు అంచుతో గీకి, ముక్కలు లోపల పడకుండా తుడవాలి. కవరు స్థానాన్ని నిలిపే చిన్న గొట్టం పిన్నులు పాత కవరులోనే ఉండిపోలేదు కదా అని చూడాలి. పదుల రూపాయల్లో దొరికే ప్యాకింగును ప్రతిసారీ కొత్తది వేయాలి. గట్టిగా ఉంటుందని సీలెంట్ దట్టంగా పూస్తే, అదనపు జిగురు లోపల ముద్దలై ఊడి ఆయిలు జల్లెడకు అడ్డుపడవచ్చు.

ఈ కవర్లకు చాలావరకు 6 మిల్లీమీటర్ల బోల్టులే ఉంటాయి. వీటికి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. పొడవాటి పానాతో బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియంలోని మర తెగిపోతుంది. ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. కొలిచిన ఆయిలు పోసి, మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, మట్టం చూడాలి. క్లచ్ లివరు చివర కంపెనీ పుస్తకంలో చెప్పిన సందు (సాధారణంగా 10 నుంచి 20 మిల్లీమీటర్లు) ఉందో లేదో సరిచూడాలి.

అందం కోసమైతే..

అలంకరణ పనుల్లో పౌడర్ కోటింగ్ మన్నిక గలది. రంగు పొడిని విద్యుదావేశంతో అంటించి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి రబ్బరు సీళ్లు నిలవవు కనుక ముందే తీసి, తరువాత కొత్తవి వేయాలి. ప్యాకింగ్ ఆనే అంచుకు, బోల్టు రంధ్రాలకు పూత అంటకుండా మూసి ఉంచాలి. ఈ జాగ్రత్త విస్మరించిన కవరు ఎంత అందంగా ఉన్నా ఆయిలు కారుస్తుంది.

అల్యూమినియం మీద క్రోమ్ నేరుగా నిలవదు. కింద రాగి, నికెల్ పొరలు సరిగా వేయకపోతే పొలుసులుగా లేస్తుంది. పైగా ఈ పూతకు వాడే షట్సంయోజక క్రోమియం ఊపిరితిత్తులకు, చర్మానికి, నీటికి హానికరం. వ్యర్థజలాన్ని శుద్ధి చేయని చోట తక్కువ ధరకు దొరికే మెరుపు వెనుక అక్కడి కార్మికుల ఆరోగ్యం ఉంటుంది. బఫింగ్ చవకైనదే కానీ తేమకు త్వరగా మసకబారుతుంది. బఫింగ్ తరువాత కవరు లోపలి ఆయిలు దారులను కడిగి గాలి కొట్టించకపోతే, మిగిలిన రజను ఇంజిన్‌ను అరగదీస్తుంది.

భారత్ స్టేజ్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన తరువాత అనేక బండ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వీటిలో క్రాంకు స్థితిని గుర్తించే సెన్సర్ మాగ్నెట్ వద్దే ఉంటుంది. ఆ కవరును కొలత తప్పిన నకిలీతో మార్చితే బండి స్టార్టు కాకపోవచ్చు.

బుల్లెట్ తీరే వేరు

పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్‌లో గేరుపెట్టె వేరు, ఇంజిన్ వేరు. రెంటినీ కలిపే గొలుసును ఎడమవైపు కవరు మూసి ఉంచుతుంది. ఆ బయటి కవరును నిలిపేది నడుమనున్న ఒకే ఒక నట్టు, చుట్టూ రబ్బరు సీల్. కారుతోందని నట్టును మరింత బిగిస్తే కవరు వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. అక్కడ విరుగుడు కొత్త సీలే, అదనపు బలం కాదు. 2009లో వచ్చిన క్లాసిక్‌లో ఇంజిన్, గేరుపెట్టె ఒకే దిమ్మెలో ఇమిడాయి. పాతదాని కవరు కొత్తదానికి పట్టదు. అందుకే దుకాణంలో బండి పేరుతో పాటు మోడల్, తయారీ సంవత్సరం కూడా చెప్పాలి.

చట్టం మాటేమిటి?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అదే రకం కవరును అదే చోట బిగిస్తే పత్రంలోని వివరాలేవీ మారవు. అయితే ఇంజిన్ నంబరు సాధారణంగా దిమ్మె మీద చెక్కి ఉంటుంది. రంగు కోసం ఆ చోటును ఎమరీ పేపరుతో రుద్దినా, పూతతో కప్పినా తనిఖీలో చిక్కులు తప్పవు. వారంటీ ఉన్న బండికి బయటి కవరు వేయించేముందు నిబంధనలు చదువుకోవడం మంచిది.

పాలు పోసేవారికి, సరుకులు చేరవేసేవారికి, కూలికి వెళ్లేవారికి బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు సంపాదన ఆగినట్లే. కవరు ఏ రంగులో మెరుస్తోందన్నది చూపరుల సంగతి. దాని కింద నేల పొడిగా ఉందా లేదా అన్నది యజమాని రోజూ ఉదయం చూసుకోవాల్సిన సంగతి.