పందికి ఏ రివాల్వర్ మంచిది?

వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది ఆ సందేశం. అడవిపందిని ప్రభుత్వం హానికర జంతువుల్లో కలిపేసిందట, లైసెన్సు తుపాకి ఉన్నవాళ్లెవరైనా ఇక కాల్చుకోవచ్చట, రైతు సోదరులందరికీ పంపాలట. చివర్న రెండు దండాల బొమ్మలు. చోడవరం వైపు చెరకు పోగొట్టుకున్న రైతు నమ్మాడంటే తప్పు పట్టలేం. ఒక్క రాత్రిలో పందుల మంద తోటనేం చేస్తుందో చూసినవాడికి చట్టం చదివే ఓపిక ఎక్కడుంటుంది? నా కోపం అతని మీద కాదు. విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంటు, మాడుగుల దగ్గర రెండెకరాల మామిడితోట ఉండి, వారానికోసారి అక్కడికెళ్లొచ్చే రిటైర్డ్ మావయ్యల మీద. టెక్సాస్‌లో ఉన్న మేనల్లుడు చచ్చిన పంది పక్కన రివాల్వర్ పట్టుకుని ఫొటో పంపిస్తాడు. "మనకీ అలాంటి సింగిల్ యాక్షన్ ఒకటుంటే వేటకీ పనికొస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు గురి చూసుకోడానికీ పనికొస్తుంది కదా, ఏ కంపెనీది కొనమంటారు?" అని వీళ్లు మొదలెడతారు.

ఏదీ కొనొద్దు. ఎందుకో వినండి.

హానికర జంతువని ప్రకటించడం ఊరి పెద్దల పని కాదు, రాష్ట్రం పని కూడా కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 62వ సెక్షన్ కింద కేంద్రమే ప్రకటించాలి. అదీ ఫలానా ప్రాంతానికి, ఫలానా గడువు వరకు మాత్రమే. 2015-16లో బీహార్‌కి, ఉత్తరాఖండ్‌కి అడవిపంది విషయంలో అలా ఇచ్చారు. కేరళ ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఎక్కడో ఇచ్చిన పాత ఉత్తర్వు వార్తని, తేదీ కోసేసి, మన అనకాపల్లికి అంటించారన్నమాట. అసలు 2022లో చట్టాన్ని సవరించినప్పుడు అడవిపందిని రెండో షెడ్యూల్లో పెట్టారు. అంటే అది రక్షణ ఉన్న జంతువు. దాన్ని చంపడమే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం అన్నీ చట్టం దృష్టిలో వేటే. ప్రయత్నం కూడా వేటే. "గుండు తగల్లేదు సార్" అన్న సమాధానం కోర్టులో చెల్లదు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తుపాకి పోతుంది, దాన్ని తెచ్చిన బండీ పోతుంది.

"మరి తెలంగాణలో కొడుతున్నారు కదా?" అంటారు. కొడుతున్నారు, 11వ సెక్షన్ కింద. పంటకో ప్రాణానికో ముప్పుందని నిర్ధారించుకుని, కారణాలు రాసి, ఫలానా మనిషి ఫలానా చోట కాల్చవచ్చని అధికారి కాగితం ఇస్తే, ఆ మనిషి వెళ్లి కాలుస్తాడు. హైదరాబాద్‌కి చెందిన షఫాత్ అలీఖాన్ లాంటివాళ్లని రాష్ట్రాలు పిలిపించేది అలాగే. 2018లో మహారాష్ట్ర యవత్మాల్‌లో అవని అనే పులిని కాల్చింది ఆయన కొడుకే. అంత కాగితం ఉన్నా ఆ వ్యవహారం ఎంత రచ్చయిందో గుర్తు తెచ్చుకోండి. ఇలా అనుమతితో చంపిన జంతువు కూడా ప్రభుత్వానిదే, కాల్చినవాడిది కాదు. పంది కూర మీద ఆశతో ఈ చర్చలోకి దిగినవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు.

ఇక టెక్సాస్ మేనల్లుడు. అక్కడి పంది ఆ నేలది కాదు. ఐరోపా వాళ్లు తెచ్చి వదిలేస్తే అడవిపాలై పెరిగిన జాతి. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే 2019 నుంచి అక్కడ దాన్ని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అడగరు. అక్కడి నియమం అక్కడిది. ఆ ఫొటో మన మన్యానికి జీవో కాదు.

సరే, చట్టాన్ని పక్కన పెడదాం, పెట్టకూడదు గానీ. ఆయుధం సంగతే చూద్దాం. పంట రక్షణకి తుపాకి లైసెన్సు ఇస్తారన్నది నిజమే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో ఆ మాట ఉంది. కానీ అక్కడ రాసింది మూతి నుంచి మందు దట్టించే తుపాకి గురించి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే పన్నెండు బోరు లాంటి నున్నని గొట్టం తుపాకి. రివాల్వర్ ఊసే లేదు. రివాల్వర్ లైసెన్సు మనిషి ప్రాణరక్షణకి ఇచ్చేది. ప్రాణభయం ఉందని దరఖాస్తులో రాసి పందుల మీదకి వెళ్తే, రేపు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఏం చెబుతారు?

పైగా లైసెన్సు మీద మన దేశంలో మామూలుగా చేతికొచ్చేది కాన్పూర్ ఫ్యాక్టరీ పాయింట్ 32 రివాల్వర్. పాయింట్ 38, 9 ఎంఎం సామాన్యుడికి నిషిద్ధ బోర్లు. పాయింట్ 32 గుండు గొట్టం దాటేటప్పుడు దానికుండే శక్తి 150 జౌళ్ల పైచిలుకు. పిల్లలు గురి నేర్చుకునే పాయింట్ 22 రైఫిల్ గుండుకీ దాదాపు అంతే ఉంటుంది. అమెరికాలో పందుల మీదకి తీసుకెళ్లే పాయింట్ 44 మాగ్నమ్‌కి వెయ్యి జౌళ్లు దాటుతుంది. మగ పందికి భుజాల మీద అరచేయి మందాన గట్టి పొర ఉంటుంది, ఒకదాన్నొకటి కోరలతో పొడుచుకుంటే తట్టుకోడానికి. దాని మీద పాయింట్ 32 పేలిస్తే పంది చావదు. గాయపడి తుప్పల్లో దూరుతుంది. మర్నాడు అటువైపు కట్టెలకెళ్లిన ఆడమనిషి మీదకి వచ్చేది అదే.

ఈ పుకారు ఊళ్లల్లో చేస్తున్న పని ఇంకా ఘోరం. లైసెన్సు రివాల్వర్ కొనే స్తోమత లేనివాడు "ఎలాగూ పర్మిషన్ ఇచ్చేశారు" అనుకుని నాటు తుపాకి బయటికి తీస్తున్నాడు, లేదా చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. నాటు తుపాకి గొట్టం తుపాకి కోసం తయారైన ఉక్కు కాదు, దొరికిన పైపు ముక్క. ఉక్కు నగరంలో ఉండే మనకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మందు కాస్త ఎక్కువైతే ముందుకి పేలాల్సింది మొహం మీద పేలుతుంది. తీగ సంగతి మరీ అన్యాయం. తెల్లారగట్ల మోటారు వెయ్యడానికి వెళ్లిన పక్క చేను రైతుకి అది కనపడదు.

మిగతా అపోహలకి ఇంత చోటివ్వను. సింగిల్ యాక్షన్ అంటే ఒక్క గుండే పడుతుందని కాదు, ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాలని. మర్చంట్ నేవీలో చేసేవాళ్లు ఓడలో తెచ్చుకుని పోర్టులో దింపేసుకోవచ్చంటారు. కస్టమ్స్ వాళ్లు అందుకే కూర్చున్నారు. మాజీ సైనికుడికి లైసెన్సు దానంతటదే రాదు, దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. పాయింట్ 177 ఎయిర్‌గన్ 20 జౌళ్లు దాటకపోతే లైసెన్సు అక్కర్లేదన్నది నిజం. దాంతో కొండకర్ల ఆవలో పిట్టని కొడితే మాత్రం అదీ వేటే. గిరిజనులకి అటవీ హక్కుల చట్టం వేట హక్కిచ్చిందనేది అబద్ధం: 2006 నాటి ఆ చట్టం సంప్రదాయ హక్కుల్ని ఒప్పుకుంటూనే వేటని పేరు పెట్టి మినహాయించింది. ఇటుకల పండుగ నాడు కొండకి వెళ్లే ఆచారం ఎంత పాతదైనా, చేతిలో నాటు తుపాకి ఉంటే అది కేసే.

ఒక్క విషయంలో మాత్రం మావయ్యల మాట ఒప్పుకోక తప్పదు. గురికి సింగిల్ యాక్షనే మేలు. డబుల్ యాక్షన్లో సుత్తిని లేపడం, వదలడం రెండూ ట్రిగ్గరే చేయాలి. అందుకని లాగుడు పొడుగు, బరువు, గురి కదిలిపోతుంది. సుత్తిని ముందే లేపి పెడితే ట్రిగ్గర్ తాకితే చాలు. 1873 కోల్ట్ మోడల్ ఇప్పటికీ బతికుందంటే అందుకే. కాకపోతే సినిమాల్లో చూపించనిదొకటుంది. ఆ పాత కోల్ట్‌కి పక్కన చిన్న తలుపు తెరిచి గుండ్లు ఒక్కొక్కటే దూర్చాలి, ఖాళీ తొడుగుల్ని ఒక్కొక్కటే పుల్లతో తోసి తీయాలి. ఆరు గదులున్నా తెలిసినవాడు అయిదే నింపి, సుత్తిని ఖాళీ గది మీద దించుతాడు. నిండు గది మీద దించితే కింద పడినప్పుడు పేలొచ్చు. ఈ బెడదని 1973లో రూగర్ కంపెనీ లోపల ఒక అడ్డుపట్టీ పెట్టి తప్పించింది, పాత తుపాకులకీ ఉచితంగా బిగించి ఇచ్చింది. మీ కాన్పూర్ రివాల్వర్ డబుల్ యాక్షనే అయినా, సుత్తిని వేలితో లాగి పట్టుకుంటే అదీ సింగిల్ యాక్షనే అవుతుంది. దానికోసం ఇంకోటి కొనక్కర్లేదు.

పందికి చాలని ఆ పాయింట్ 32 కాగితానికి మాత్రం బ్రహ్మాండం. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లో షూటర్లు ఎక్కువగా వాడేది ఆ తూటానే. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా స్వర్ణం గెలిచింది ఆ పోటీలోనే. కాబట్టి సరదా అంత ఉంటే రైఫిల్ క్లబ్‌లో చేరి, ముందు పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలెట్టండి. తూటా ఖర్చుండదు, చెయ్యి కుదురుతుంది. యారాడ కొండ మీదో భీమిలి ఇసకలోనో బీరు సీసాలు పేర్చి కాల్చడం మాత్రం వద్దు. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణం మీదకి తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలుంది. చుట్టూ నేవీ ఉన్న ఊళ్లో తుపాకి చప్పుడు ఎవరికీ వినపడదనుకోవడం అమాయకత్వం.

లైసెన్సుకే వెళ్తే నగరంలో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే వన్యప్రాణి అధికారి ముందస్తు సమ్మతి కావాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. కంబాలకొండ అభయారణ్యం ఎక్కడుందో చూసుకోండి. ఎంవీపీ, ఎండాడ, మధురవాడ అన్నీ ఆ గీత లోపలే. అక్కడికి ఉదయం నడకకి వెళ్లేటప్పుడు లైసెన్సున్న రివాల్వరైనా సరే, రాతపూర్వక అనుమతి లేకుండా జేబులో ఉండకూడదు.

తోట సంగతా? వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు వరసలు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. పంట పాడైతే అదే రోజు ఫొటోలు తీసి అటవీ శాఖ వాళ్లకి రాసివ్వండి. డబ్బుంటే సోలార్ కంచె వేయించుకోండి, దాని దెబ్బ క్షణమాత్రపు తోపు, జంతువు వెనక్కి పోతుంది గానీ చావదు. మీటరు నుంచి నేరుగా తీగ లాగి ఇస్తానన్న మిస్త్రీని మాత్రం గేటు దగ్గరే పంపించేయండి.