శ్రీశైలం నీళ్లలో మునిగిన కూలి

కృష్ణానది నల్లమల కొండల నడుమ ఇరుకు లోయలో పారేచోట శ్రీశైలం ఆనకట్ట కట్టారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1980ల తొలి ఏళ్లలో కట్టడం పూర్తయింది. పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు, గేట్లు 12. నేడు కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రాలున్నాయి. పోతిరెడ్డిపాడు గుండా రాయలసీమ పొలాలకూ, మద్రాసు నగరం దాహానికీ నీరు పోతున్నది. కల్వకుర్తి ఎత్తిపోతలకూ ఈ నీరే ఆధారం. ప్రాజెక్టు వద్దని మనం అనడం లేదు. దాని ఖరీదు ఎవరు కట్టారని అడుగుతున్నాం.

ఆనాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. దాదాపు లక్షమంది చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ జనాన్ని వెళ్లగొట్టారు.

నష్టపరిహారం లెక్క కట్టింది 1894 నాటి తెల్లదొరల చట్టం ప్రకారం. ఆ చట్టం పట్టా కాగితాన్ని చూస్తుంది గాని కాయలు కాసిన చేతుల్ని చూడదు. పట్టా ఉన్న రైతుకే చాలీచాలని డబ్బు ముట్టింది. మరి కౌలుదారుకేం దక్కింది? పాలేరుకేం దక్కింది? కలుపుతీసే ఆడకూలికేం దక్కింది? పొలం మునిగితే నాట్లు మునిగాయి, కోతలు మునిగాయి, కళ్లంలో కొలిచే గింజలు మునిగాయి. అదంతా ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నెంబరు జీవో తెచ్చారు. దాని అమలుకోసం జనం దశాబ్దాల తరబడి ధర్నాలు చేయాల్సి వచ్చింది.

885 అడుగుల మట్టంలో 308 టీఎంసీలు పట్టిన జలాశయం, ఒండ్రు చేరి ఇప్పుడు 215 టీఎంసీలకు దిగింది. నీళ్లకింద పేరుకున్న మట్టిని సర్వేలు చేసి కొలిచిన సర్కారు, ఒడ్డున పడ్డ కూలిమనిషిని మాత్రం లెక్కపెట్టలేదు!

పోరాటాల ఫలితంగా వచ్చిన 2013 భూసేకరణ చట్టం, భూమి లేకున్నా ఆ భూమిపై మూడేళ్లుగా బతికే కూలీలనూ కౌలుదార్లనూ బాధిత కుటుంబాలుగా ఒప్పుకుంది. చట్టంలో రాసినంత మాత్రాన చేతికి రాదు. అందుకే కొత్త ప్రాజెక్టు ఏ ఊరికొచ్చినా కార్యకర్తలు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. బాధితుల సర్వేకు అధికారులు వచ్చిననాడే వాడవాడా తిరిగి ప్రతి కూలి కుటుంబం పేరు ఎక్కించాలి. ముసాయిదా జాబితా పెట్టినప్పుడు పదిమందిలో చదివించి, లేని పేర్లకోసం సభలోనే నిలదీయాలి.

ఊరు మునిగాక అడిగితే వినే నాథుడుండడు. మునగకముందే అడగాలి, సంఘంగా అడగాలి.