వంగ పూతకు తుమ్మెద మోత ఎందుకు కావాలి?

వీడియోలో వంగ పువ్వు మీద వాలిన నల్ల తుమ్మెదను చూశారు కదా. సౌండు పెంచి మళ్ళీ ఒకసారి వినండి. ఎగిరేటప్పుడు వచ్చే మోత వేరు, పువ్వును పట్టుకున్నాక వచ్చే మోత వేరు.

"సైన్సు ప్రకారం తేనెటీగ ఎగరలేదు" అని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంటుంది. నమ్మకండి. విమానం రెక్కలాగా కదలని రెక్కతో లెక్క వేస్తేనే అలా వస్తుంది. 2005లో అమెరికాలోని కాల్‌టెక్ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాతో తీసి చూశారు. తేనెటీగ సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలు కొడుతుంది. రెక్క ముందుకీ వెనక్కీ ఊగుతూ ప్రతి మలుపులో తిరగబడుతుంది. ఆ ఊపుకి రెక్క ముందంచు మీద చిన్న గాలి సుడి పుట్టి, పైన ఒత్తిడి తగ్గి, ఈగ పైకి లేస్తుంది.

అసలు విచిత్రం ఇంకోటి. ఈ బలమైన కండరాలు రెక్కలకు నేరుగా అతికి ఉండవు. రొమ్ము డబ్బాను నొక్కి వదులుతుంటే రెక్కలు ఆడతాయి. అందుకే రెక్కలు ముడుచుకుని కండరాలను మాత్రమే ఆడించగలదు, న్యూట్రల్‌లో పెట్టిన ట్రాక్టర్ ఇంజనులాగా. చలి పొద్దున ఒళ్ళు వేడెక్కించుకునేది కూడా ఇలాగే.

వంగకు కావలసింది ఈ న్యూట్రల్ మోతే. దాని పుప్పొడి పసుపు గొట్టాల లోపల ఉంటుంది, కొసన సన్నటి రంధ్రం. ఉప్పు డబ్బాను ఊపినట్టు ఊపితేనే బాగా రాలుతుంది. తుమ్మెద, పొట్ట మీద నీలి చారలుండే ఈగ ఆ పని చేస్తాయి. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఇది చేతకాదు. పొద్దుతిరుగుడుకు, గుమ్మడికి అది బంగారమే గానీ, వంగ కోసమని పెట్టెలు కొనకండి. టమాటాదీ ఇదే కథ. గాలికీ కొంత కాయ పడుతుంది, కానీ ఈ ఊపుడు ఉంటే ఎక్కువ పడుతుంది. అలాగని పూత రాలిన ప్రతిసారీ ఈగల మీదకి నెట్టొద్దు. కీలం పొట్టిగా ఉన్న వంగ పూలు ఎలాగూ రాలిపోతాయి.

ఇక అగ్నిఅస్త్రం. అందులో పొగాకు ఉంటుంది. "మనది నేచురలే కదా" అని పొద్దున్నే పూత మీద కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నికోటిన్‌కి పురుగు, తుమ్మెద అని తేడా తెలియదు. సాయంత్రం ఈగలు వెళ్ళిపోయాక కొట్టండి.

తుమ్మెద ఎండు కర్రలో, వెదురులో తొలుచుకుని గూడు పెడుతుంది. నీలి చారల ఈగ మట్టి గట్టులో, మట్టి గోడలో ఉంటుంది. పాత పందిరి బొంగులు పొయ్యిలో పెట్టేముందు ఒకసారి చూడండి. వేలు దూరేంత గుండ్రటి బొక్క, కింద రంపపు పొట్టు కనిపిస్తే ఆ బొంగును వాన తగలని చోట అడ్డంగా కట్టేయండి.