రెండో తీగ ఏదండి మాస్టారూ?

పదో తరగతికి విద్యుత్ వలయం పాఠం చెబుతున్నప్పుడు ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. "బల్బు వెలగాలంటే పోవడానికొక తీగ, రావడానికొక తీగ ఉండాలన్నారు కదండీ. మా నాన్న షెడ్డులో పాత కార్ల లైట్లకి ఒక్క తీగే ఉంటాది. రెండోది ఏదండి మాస్టారూ?"

ఇంత మంచి ప్రశ్నకి నల్లబల్ల మీద బొమ్మ గీసి సరిపెట్టాలనిపించలేదు. సాయంత్రం నౌపడలో మా ఇంటికి రమ్మన్నాను. పెరట్లో రేకుల పాక కింద నేను బాగుచేసుకుంటున్న పాత అంబాసిడర్ ఉంది. వారం రోజులుగా దానిది ఒకటే జబ్బు. సెల్ఫ్ కొడితే 'టక్'మంటుంది, ఇంజను మాత్రం తిరగదు. కొత్త బ్యాటరీ వేశాను. సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్షులు మార్పించాను. మళ్లీ అదే టక్.

రెండో తీగ కారు ఒళ్లే. బ్యాటరీ ఒక కొసను ఇనుప బాడీకి బిగిస్తారు. లైటుకి, హారనుకి వెళ్లిన కరెంటు బాడీ గుండానే తిరిగొస్తుంది. మెకానిక్కులు దీన్ని 'ఎర్త్' అంటారు. కారుకి నేలకి మధ్య రబ్బరు టైర్లున్నా ఆ పేరే నిలిచింది.

నిజంగా నేలనే రెండో తీగ చేసుకున్నవాడు జర్మనీలో కార్ల్ ఆగస్ట్ స్టైన్‌హైల్. 1838లో ఆయన న్యూరెంబర్గ్ దగ్గర రైలు పట్టాలనే టెలిగ్రాఫు తీగలుగా వాడదామని చూశాడు. కరెంటు పట్టాల్లోంచి నేలలోకి జారిపోయి ప్రయోగం పాడైంది. నేల కరెంటును అంత సులువుగా మోస్తున్నప్పుడు రెండో తీగ ఎందుకన్న ఆలోచన ఆ పాడైన ప్రయోగంలోంచే ఆయనకు పుట్టింది. దాంతో తీగ ఖర్చు సగమైంది. నాకు ఎంతో ఇష్టమైన కథ ఇది. నౌపడ జంక్షన్లో నిలబడి చూడండి, రైలింజను నెత్తిన 25,000 వోల్టుల తీగ ఒక్కటే ఉంటుంది. కరెంటు చక్రాల్లోంచి పట్టాల్లోకి దిగి వెనక్కి పోతుంది.

ఇక మా బండి సంగతి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ నేరుగా లోహం తగలదు. అందుకే రెంటినీ కలుపుతూ జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. టెస్ట్ ల్యాంప్ ఒక కొస బ్యాటరీకి, మరో కొస ఇంజనుకి పెట్టాను. భేషుగ్గా వెలిగింది. మీటరు పెడితే నిరోధం దాదాపు సున్నా. ఈ రెండు సాక్ష్యాలూ నమ్మే నేను వారం పోగొట్టుకున్నాను.

ఆ పట్టీ బిగింపులో 0.03 ఓమ్ నిరోధం ఉందనుకోండి. మామూలు మీటరు దాన్ని సరిగా పట్టుకోలేదు. 5 వాట్ల టెస్ట్ ల్యాంపుకి 0.4 ఆంపియరు చాలు. అప్పుడు అక్కడ పోయేది వోల్టులో నూరోవంతు. కాని సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు అడుగుతుంది. 150ని 0.03తో గుణిస్తే నాలుగున్నర! పన్నెండు వోల్టుల్లో అంత మేర దారిలోనే ఖర్చయిపోతే మోటారుకి తిరిగే బలమెక్కడిది? పిల్లకాలువ నీళ్లకి చాలిన తూము వరదకి చాలదు.

అందుకే సెల్ఫ్ కొడుతూనే పరీక్ష చెయ్యాలి. మీటరు ఒక మొన బ్యాటరీ ఎర్త్ కొమ్ము మీదే పెట్టాను, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజను దిమ్మె మీద. కుర్రాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. సగం వోల్టు కూడా చూపకూడని చోట ముల్లు నాలుగు దాటింది. వాడు రెండోసారి కొట్టి, చోక్ లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కాలిపోతంది మాస్టారూ!" పట్టీ దారి ఇరుకైపోయేసరికి ఆ కరెంటులో కొంత, ఇంజనునీ బాడీనీ కలిపే సన్నటి చోక్ తీగ గుండా పరిగెడుతోంది. పాత కార్లు బాగుచేసేవాళ్లు ఈ వేడిని తేలిగ్గా తీసుకోకూడదు. అది తొడుగుని కాల్చి మంట రేపగలదు.

పట్టీ విప్పాం. రాగి కింద ఇనుము మీద పొరలు పొరలుగా తుప్పు. మా ఊరి ఉప్పు మడుల గాలి చేసిన పని అది. ఉప్పు చెమ్మని పీల్చుకుంటుంది. ఆ ఉప్పు తడిలో రాగి, ఇనుము కలిస్తే చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో తినబడేది ఇనుము. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి రెండు ముఖాలనూ ఎడం చేస్తుంది. దాని గుండా కరెంటు సరిగా పోదు. పైన రంగు బాగుంది, బోల్టు గట్టిగా ఉంది, లోపల మాత్రం చాలినంత దారి లేదు.

కార్లలో ఈ ఎర్త్ చరిత్ర చకచకా చెప్పేస్తాను. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీకి బిగించింది ధన కొస. తర్వాత అందరూ రుణ కొసకి మారారు. పాత బండికి బ్యాటరీ పెట్టేముందు ఇది చూసుకోవాలి.

మేం ఎమరీ కాగితంతో తెల్లటి లోహం బయటపడేదాకా రుద్దాం. పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూశాం. సెల్ఫ్ కొట్టగానే ఇంజను రెండు చుట్లు తిరిగి అందుకుంది. మీటరు ముల్లు సున్నా దగ్గరే అటూ ఇటూ కదిలింది. కుర్రాడు చోక్ తీగ మీద వేలు పెట్టి, తీయకుండా అలాగే ఉంచాడు.