ఔద్ధత్యము - భంగురత: ఆత్మరతి రోగనిర్ణయమున రెండు ముఖములు

కోనసీమ తీర్థములలో రాత్రివేళ పద్యనాటకము చూచినవారికి దుర్యోధనుడనగానే మీసము దువ్వుచు సభలో నిలిచిన రారాజు కన్నులకు కట్టును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని పద్యములు పామరులకును పరిచితములే. రంగస్థలమునకు కావలసినది దర్పము. ఆ దర్పమే దుర్యోధనుని సమగ్రస్వరూపమా? ఈ ప్రశ్న విమర్శకునకే గాక మనోవైద్యునకును ముఖ్యమైనది.

తన్ను తాను లోకోత్తరునిగా భావించుట, పరుల ప్రశంసయే ప్రాణాధారమగుట వికృతి చెంది జీవితమును చెఱచినచో దానిని వ్యాధిరూపమైన ఆత్మరతి యందురు. దీనిపై ఫ్రాయిడ్ 1914లో ప్రత్యేకముగా వ్యాసము రచించెను. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో ప్రకటించిన రోగవర్గీకరణ గ్రంథపు మూడవ కూర్పున ఇది వ్యక్తిత్వదోషముగా స్థానము పొందినది. 2013 నాటి ఐదవ కూర్పు తొమ్మిది లక్షణములను పేర్కొని, వానిలో ఐదున్నచో రోగమును నిర్ణయింపవచ్చుననినది. ఆ తొమ్మిదింటిలో అసూయను మినహాయించినచో తక్కినవన్నియు దాదాపు బాహ్యమైన ఔద్ధత్యమునే తెలుపును. విమర్శకు కోపముతోగాని సిగ్గుతోగాని అవమానభావముతోగాని చలించుట 1987 నాటి సవరణలో ఒక లక్షణముగా నుండెను. 1994లో దానిని పట్టికనుండి తొలగించి అనుబంధ వివరణకు చేర్చిరి.

పాల్ వింక్ అను శాస్త్రజ్ఞుడు 1991లో ఆత్మరతికి రెండు ముఖములున్నవని నిరూపించెను. ఒకటి ఔద్ధత్యము, రెండవది భంగురత, అనగా అల్పమైన తాకిడికే లోన పగులు స్వభావము. ఈ రెండును ఒకే వ్యక్తియందు ఎట్లు మాఱుచుండునో అరణ్యపర్వమునందలి ఘోషయాత్ర తేటపఱచును.

వనవాసక్లేశముననున్న పాండవులకు తన వైభవము చూపదలచి దుర్యోధనుడు ద్వైతవనమునకు పోయెను. ఇది ఔద్ధత్యము. అచట గంధర్వులకు బందీయై, ధర్మరాజు ఆజ్ఞచే భీమార్జునాదుల వలన విముక్తుడయ్యెను. బంధనముకంటె విమోచనమే అతనిని ఎక్కువ బాధించినది. శత్రువుల దయవలన దక్కిన ప్రాణమును భరింపలేక ప్రాయోపవేశమునకు పూనుకొనెను. ఇది భంగురత. ఆప్తుల ఓదార్పుతో తేఱుకొని హస్తినకు మరలి వైష్ణవయాగము చేసెను. మరల ఔద్ధత్యము, కాని ఈ మాఱది గాయమునకు కట్టిన కట్టు.

ఇట్టివాడు వైద్యుని యొద్దకు సాధారణముగా వచ్చునది యాగదినమున గాదు, ప్రాయోపవేశ దినమున. ఆనాటి మాటలనే విన్న వైద్యుడు కేవల విషాదరోగమని తలచును. దేనివలన గాయపడితివని అడుగడు. సభలో మాత్రమే చూచినవాడు గర్వియని తీర్మానించి, అతనికి ప్రాణాపాయ మున్నదని శంకింపడు. కావుననే ఐదవ కూర్పులోని ప్రత్యామ్నాయ పద్ధతి ఆత్మగౌరవము ఉబ్బుటయు, క్రుంగుటయు, వాని నడుమ ఊగుటయు గమనింపవలెననుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలుపఱచిన వర్గీకరణము ఈ రోగనామమునే విడిచి, వ్యక్తిత్వదోషము యొక్క తీవ్రతను ముందు కొలువుమనినది.

కావ్యపాత్రకు రోగనామము తగిలించుట మన ఉద్దేశము గాదు. ఆలంకారికులు ధీరోద్ధతునకు దర్పమును, మాత్సర్యమును జంటగా చెప్పిరి. పరుల మేలు చూచి దహించుకొనిపోవువాని దర్పము నిండుకుండ గాదని వారెఱుగుదురు. మన తరగతులలో అతిశయోక్తులు పలుకు విద్యార్థియు, చిన్న దిద్దుబాటుకే ముఖము చిన్నబుచ్చుకొని మఱునాడు రాని విద్యార్థియు వేర్వేరని మనము తలతుము. ఒక్కొక్కప్పుడు వారిరువురును ఒక్కడే. ఇది రోగమని తీర్మానించుట మన పని గాదు; ఆ రెండవ దినమున అతడేల రాలేదో విచారించుట మాత్రము మన పనియే.