ఫోను రాసే జాతకం

గూగుల్ ఖాతాలో ‘మై యాడ్ సెంటర్’ అనే పేజీ ఒకటుంది. తెరిస్తే మన గురించిన అంచనాలు వరసగా కనిపిస్తాయి: పెళ్లయిందా, పిల్లలున్నారా, ఎంతదాకా చదివారు, ఉంటున్నది సొంతింట్లోనా అద్దెకా. వీటిలో చాలావాటిని మనల్ని అడిగి రాసుకోలేదు. ఏం వెతికామో, యూట్యూబ్‌లో ఏం చూశామో గమనించి కట్టిన లెక్కలివి. తప్పయితే మార్చుకోవచ్చు కూడా, అక్కడిదాకా వెళ్లే ఓపిక ఉంటే. ఫేస్‌బుక్ కూడా ఇలాంటి జాబితా ఉంచుకుంటుంది. ఆ సంగతే 74 శాతం వినియోగదారులకు తెలియదని అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2019లో వెలువరించిన సర్వేలో తేలింది. జాబితా చూశాక తమకు అంతగా సరిపోలేదన్నవాళ్లు 27 శాతం, సరిపోయిందన్నవాళ్లు 59 శాతం.

తప్పిన అంచనాల గురించి గోల చేసేవాళ్లు ఎలాగూ ఉన్నారు. నా మట్టుకు, సరిపోయినవే ఎక్కువ అనుమానించదగ్గవి. ‘వీడికి లెక్కలు అబ్బవు’ అని సిద్ధాంతి ఒక్క మాటంటే ఇంట్లోవాళ్లు పట్టించుకోవడం మానేస్తారు, పిల్లాడు పుస్తకం మూసేస్తాడు, జాతకం నిజమై కూర్చుంటుంది. సమ్మర్స్, స్మిత్, రెజెక్ అనే ముగ్గురు పరిశోధకులు 2016లో ‘జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్’లో చూపించింది దాదాపు ఇదే. పర్యావరణానికి మేలు చేసే సరుకు ప్రకటన ఒకటి తమకు కనిపించడం తాము నెట్‌లో చూసినవాటిని బట్టేనని తెలిసినవాళ్లు, తాము పర్యావరణం పట్టినవాళ్లమని మరింత గట్టిగా అనుకున్నారు. ఆ సరుకు కొనడానికీ, పర్యావరణ సంస్థకు విరాళం ఇవ్వడానికీ మొగ్గారు. అసలా లక్షణమే లేనివాళ్ల మీద మాత్రం ఈ పాచిక పారలేదు. పిడికెడు నిజం ఉండాలి. దాన్ని ఫోను పుట్టెడు చేసి మన చేతికే తిరిగిస్తుంది.

అద్దంలో మొహం బాగాలేదని అద్దాన్ని తిడితే ఎలా అని ఎవరైనా అడగొచ్చు. వాళ్లకు బలమైన ఆధారమే ఉంది. 86 వేలమందికి పైగా పాల్గొన్న 2015 నాటి అధ్యయనంలో, ఒక మనిషి ఫేస్‌బుక్‌లో కొట్టిన 70 లైకులతో కంప్యూటర్ అతని స్వభావాన్ని స్నేహితుడికన్నా మెరుగ్గా అంచనా వేసింది. 150 లైకులతో ఇంట్లోవాళ్లను మించింది, 300 దాటితే జీవిత భాగస్వామికి సాటి వచ్చింది. అయితే అక్కడ కొలబద్ద ఏమిటి? ఆ మనిషే ఒకనాడు నింపిన ప్రశ్నపత్రం. అద్దం మనల్ని చూపించి ఊరుకుంటుంది, రేపు ఏం చూడాలో వడ్డించదు. నిద్రపట్టని ఒక రాత్రి ఎవరో ఒకడు ‘నిద్ర రాకపోతే ఏం చేయాలి’ అని వెతికాడనుకోండి. మర్నాడు ఆందోళన గురించి ఓ వీడియో, అది పూర్తిగా చూస్తే ఇంకో నాలుగు. పదో రోజుకు ‘నాకు యాంగ్జైటీ ఉంది’ అని తనే చెప్పుకుంటాడు. ఆ వీడియోలు రాకపోతే అలా అనుకునేవాడా అన్నదానికి ఏ లెక్కలోనూ జవాబు దొరకదు.

ఊరు మాత్రం ముద్రలు వేయలేదా అంటే, వేసింది. కులంతో, ఇంటిపేరుతో, ‘పిసినారి’ లాంటి మారుపేర్లతో మనుషుల్ని నలిపేసింది. ఊరిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ‘పిసినారి’ అన్నవాడు రచ్చబండ మీదే కూర్చుంటాడు, వాడితో తగువు పెట్టుకోవచ్చు. మారుపేరునైతే బతుకుతెరువుకి హైదరాబాద్ బస్సెక్కి వదిలించుకోవచ్చు. ఖాతా మనతోపాటే బస్సెక్కుతుంది.

ఈ ప్రమాదం చట్టం చేసినవాళ్లకు తెలియనిదేం కాదు. 18 ఏళ్లలోపు పిల్లల నడవడిని ఆన్‌లైన్‌లో కనిపెట్టి ఉండటాన్నీ, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడాన్నీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, కొన్ని మినహాయింపులతో, వద్దంది. పెద్దవాళ్లకు అలాంటి నిషేధం లేదు, సమ్మతి తీసుకుంటే సరిపోతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరి, తనకేం కావాలో ఇంకా తేల్చుకోని పిల్ల కూడా ఆ లెక్కన పెద్దదే.